రామదాసు పాట - ఇది ఎన్నో ముద్రణ?

విదేశీ సంగీతం వినే అలవాటున్న వాళ్ళకి ఈ తంతు బాగా తెలుసు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు పడగ్గదిలో కూచుని కాస్త జానపద గిటారూ, కాస్త కంప్యూటర్ చప్పుళ్ళూ కలిపి ఒక ఆల్బమ్ చేస్తారు. చిన్న కంపెనీ దాన్ని విడుదల చేస్తుంది. మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోరు. మెల్లిగా అభిమానులు పోగవుతారు. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో వార్షికోత్సవ ముద్రణ వస్తుంది: శుభ్రం చేసిన మాస్టర్, పాత ఫోటోలు, రికార్డు కాకుండా మిగిలిపోయిన పాటలు, ఎవరు ఏం వాయించారో చెప్పే చిన్న పుస్తకం. 'ది పోస్టల్ సర్వీస్' అనే జంట 2003లో తెచ్చిన 'గివ్ అప్' కి 2013లో ఇలాగే జరిగింది. వాళ్ళిద్దరూ వేరే వేరే ఊళ్ళలో ఉండి టేపులు పోస్టులో పంపుకుంటూ ఆ ఆల్బమ్ చేశారు, అందుకే ఆ పేరు. (మన ఆన్ సైట్-ఆఫ్ షోర్ మోడల్ అన్నమాట. కాకపోతే వాళ్ళ ప్రాజెక్టు టైముకి డెలివరీ అయింది.)

ఇదంతా చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. తెలుగులో సినిమా పాట కాకుండా, మళ్ళీ మళ్ళీ ముద్రణ పొందుతూ, జనం నోళ్ళలో నానుతూ వస్తున్న ఆల్బమ్ ఏది? ఘంటసాల భగవద్గీత ఒకటి, ఒప్పుకుంటాను. రెండోది, మా ఖమ్మం వాళ్ళకైతే మొదటిది, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు. ఎల్పీ నుంచి క్యాసెట్, క్యాసెట్ నుంచి సీడీ, సీడీ నుంచి ఎంపీ త్రీ, అక్కణ్ణించి ఫోన్లో యాప్. ఇన్ని అవతారాలెత్తినా ఒక్కసారి కూడా దానికి ఎవరూ పుట్టినరోజు చెయ్యలేదు. చెయ్యాలంటే ముందు పుట్టిన తేదీ తెలియాలి కదా! అసలు గొడవంతా అక్కడే ఉంది. ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. అది ఖమ్మానికి ఇవతల, కోదాడ వైపు. ఆయన తహసీల్దారు పని చేసింది పాల్వంచలో, అది ఖమ్మానికి అవతల, అడవి వైపు. మా తల్లాడ ఈ రెంటికీ నడుమ పడుతుంది. తల్లాడ సెంటర్లో నిలబడితే ఒక రోడ్డు వైరా మీదుగా ఖమ్మం, ఇంకోటి సత్తుపల్లి, మూడోది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కణ్ణించి పాల్వంచ, భద్రాచలం. శ్రీరామనవమి దగ్గరపడితే ఈ మూడో రోడ్డు మీద కాలినడకన పోయే జనం కనపడతారు. పదిహేడో శతాబ్దపు కథ మనందరికీ తెలిసిందే. అబుల్ హసన్ తానీషా (1672-1687) ఏలుబడిలో గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడు, గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడు, అక్కడే ఈ పాటలు చాలావరకు పుట్టాయని చెప్పుకుంటారు. అక్కన్న, మాదన్నలు మేనమామలైనా ఖైదు తప్పలేదు.

మన లెక్కల వాళ్ళకి ఆసక్తికరమైన సంగతి ఒకటి చెప్పాలి. 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన చదివి చూడండి. అది అచ్చంగా ఒక ఖర్చుల పట్టిక. భరతుడికి ఫలానా నగ, శత్రుఘ్నుడికి ఫలానా, లక్ష్మణుడికి ఫలానా, సీతమ్మకి ఫలానా, దేనికెంత అయిందో అంకెతో సహా. దాదాపు అన్నీ పదివేలే! ఆడిట్ లో దొరికిపోయిన ఉద్యోగి పై అధికారికి పంపుకున్న వివరణ అది. (ఆ నగల పేర్లు చెప్పి భద్రాచలం గుడిలో ఇప్పటికీ నగలు చూపిస్తారు.) పట్టిక అయ్యాక కోపం వస్తుంది. ఎవరి సొమ్మని కులుకుతున్నావంటూ దేవుణ్ణే కడిగేస్తాడు. ఆఖర్లో మళ్ళీ తగ్గిపోతాడు. దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. లెక్క, తిట్టు, క్షమాపణ. ఈ మూడూ ఆ వరసలో ఉంటేనే అది పాట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఈ పాటలు రెండు మూడు వందల ఏళ్ళపాటు బతికింది పుస్తకాల్లో కాదు, భజనల్లో. త్యాగయ్య (1767-1847) రామదాసుని పేరుపెట్టి తలచుకున్నాడంటే పాటలు అప్పటికే కావేరి దాకా వెళ్ళాయన్నమాట. ఆయన దివ్యనామ కీర్తనల పోకడలో రామదాసు ప్రభావం ఉందని సంగీతం తెలిసినవాళ్ళు అంటారు. తూము నరసింహదాసు లాంటి వాళ్ళు అటు తంజావూరు వెళ్ళి త్యాగయ్యని చూసి, ఇటు భద్రాచలం వచ్చి గుడి సేవలు చక్కబెట్టారు. ఊరూరా రామాలయం, ప్రతి రామాలయంలో హార్మోనియం, తాళాలు, చిడతలు, డోలక్. ఒకడు చరణం అందుకుంటే మిగతావాళ్ళు పల్లవి ఎత్తుకుంటారు. ఒక్క కీర్తన పావుగంట నడుస్తుంది, పాడేవాడికి ఊపొస్తే అరగంట. ప్రతి ఊరికీ తన బాణీ ఉంటుంది. మా తల్లాడ వైపు 'పలుకే బంగారమాయెనా' నేను చిన్నప్పుడు విన్న తీరు వేరు, పెద్దయ్యాక రేడియోలో విన్న ఆనందభైరవి వేరు. రేడియోది చాలా గొప్పగా ఉంటుంది. మాది కాస్త గరుకు. కానీ అదీ పాటే!

ఇక గ్రామఫోన్ సంగతి. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగు మొదలైంది 1902లో, కలకత్తాలో. 78 తిరుగుళ్ళ లక్క పళ్ళేనికి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. పావుగంట భజన మూడు నిమిషాల్లో ఇరికించాలంటే ఏం చేస్తారు? చరణాలు కోస్తారు. పైన చెప్పిన కీర్తనలో క్షమాపణ ఆఖర్లో ఉంది. అది కోసేస్తే రామదాసు వట్టి తిట్లబోతుగా మిగిలిపోతాడు. స్టోరేజి లిమిట్ వల్ల అర్థం మారిపోవటం అనే జబ్బు మన డేటాబేసుల కన్నా పాతది.

అసలు మలుపు రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. తెల్లవారుజామున వచ్చే భక్తిరంజని అక్కడే పేరు తెచ్చుకుంది. బాలమురళి, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్ళు ఆ కేంద్రంలో పనిచేసిన రోజులవి. భద్రాచలం కల్యాణం రోజు ఉషశ్రీ గొంతు వినని తెలుగు ఇల్లు ఉండేది కాదేమో. చిన్న తమాషా ఏమిటంటే ఆ కేంద్రం మొదలైన రోజుల్లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోనే లేదు. అది తూర్పు గోదావరి. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు, 2014లో పక్క మండలాలు ఆంధ్రకి పోయాయి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇప్పుడు ఆ రోడ్డు మీద జూలూరుపాడు చేరేసరికి మా జిల్లా అయిపోతుంది. రాముడు కదల్లేదు, అడ్రసు మాత్రం ఇన్నిసార్లు మారింది.

బాలమురళి గురించి రెండు ముక్కలు. పుట్టింది 1930 జులై 6, తూర్పు గోదావరి శంకరగుప్తం. పేరు మురళీకృష్ణే. పసితనంలో పాట విని హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముందు 'బాల' చేర్చారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, త్యాగయ్య శిష్య పరంపర. డెబ్భై రెండు మేళకర్తల్లోనూ సొంతంగా కృతులు రాసిన మనిషి. ఇంత విద్వత్తు ఉన్నాయన భజన పాట పాడేటప్పుడు ఆ విద్వత్తునంతా చొక్కా విప్పి కొక్కేనికి తగిలించినట్టు పక్కన పెట్టేస్తాడు చూశారూ, అక్కడుంది ఆ ఆల్బమ్ రహస్యం. గమకం ఉంటుంది కానీ మాట మింగదు. స్వరకల్పన లేదు, రాగవిస్తారం లేదు. నాలుగో క్లాసు పిల్లవాడు వెంట పాడగలడు. తెలుగు మాట తెలుగులాగే వినిపిస్తుంది. కచేరీ సంగీతంలో తెలుగు మాటల్ని ముక్కలు చేసి పాడటం అలవాటైన చెవులకి అదొక విడుదల.

నాగయ్య గారి 'భక్త రామదాసు' 1964లో వచ్చింది, నటన, దర్శకత్వం రెండూ ఆయనవే. 'శంకరాభరణం' 1980లో వచ్చింది, కె.వి. మహదేవన్ అందులో రామదాసు కీర్తనలు రెండు వాడారు. 2006లో కీరవాణి సంగీతంతో 'శ్రీరామదాసు'. సినిమా వచ్చిన ప్రతిసారీ ఆ పాటలకి కొత్త తరం వస్తుంది, ఆ తరానికి అదే అసలు బాణీ అయిపోతుంది. 2006 తరవాత మా వైపు నవమి పందిళ్ళలో 'అంతా రామమయం' ఏ భజన బృందం పాడినా అందులో బాలు గారు వినిపించటం మొదలైంది. తప్పని అనను. పాట బతకటానికి అదో దారి.

ఎలక్ట్రానిక్ సంగీతం సంగతీ చెప్పుకోవాలి, మొదట దాంతోనే కదా మొదలుపెట్టాను. 1979లో బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజినీరు ఎలక్ట్రానిక్ తంబుర తయారుచేశాడు. (మన జాతి వాడు! వేణువు కూడా వాయిస్తాడు.) డబ్బా మీద మీట తిప్పితే శృతి. తంబుర మోసుకెళ్ళే పని తప్పింది. ఎనభైల్లో చవక క్యాసెట్లు, చవక కీబోర్డులు వచ్చాయి. పల్లెటూళ్ళ భజన బృందాలు కూడా పట్నం వెళ్ళి క్యాసెట్టు చేయించుకోవటం మొదలుపెట్టాయి. కీబోర్డు మీద అరువు తబలా, అరువు వేణువు, ముందు ఊరి గాయకుడి గరుకు గొంతు. జానపదం, ఎలక్ట్రానిక్సు కలిపి విదేశాల్లో ఒక శాఖకి పేరు పెట్టుకున్నారు. మనవాళ్ళు పేరు పెట్టకుండానే చేసేశారు. వినటానికి చాలావరకు భయంకరంగా ఉండేవి, నిజం చెప్పాలంటే. మైకు సెట్టులో పొద్దున్నే ఐదింటికి వస్తే మరీను. కానీ ఆ క్యాసెట్లలో ఊరి బాణీలు ఉన్నాయి. ఇప్పుడు ఆ క్యాసెట్లూ లేవు, వాటిని పాడేవాళ్ళూ తగ్గిపోయారు.

ఇక్కడ ఒక పోలిక చూడండి. 1982లో ఇదే హెచ్ఎంవీ 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అనే రికార్డు వేసింది. చేసింది చరణ్ జిత్ సింగ్, బొంబాయి సినిమా పాటలకి వాయించే కళాకారుడు. అప్పుడే కొత్తగా వచ్చిన రోలాండ్ యంత్రాలు, టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8, ఈ మూడింటి మీద భైరవ్, లలిత్, యమన్ లాంటి పది రాగాలు. ఎవరూ కొనలేదు. ఇరవయ్యేళ్ళ తరవాత, 2002లో, ఢిల్లీలో పాత రికార్డుల మధ్య ఎడో బౌమన్ అనే డచ్చి అభిమానికి అది దొరికింది. మనిషిని వెతికి పట్టుకున్నాడు. 2010లో మళ్ళీ ముద్రించాడు. అమెరికాలో 1987లో పుట్టిందనుకున్న 'యాసిడ్ హౌస్' ధోరణి బొంబాయిలో ఐదేళ్ళ ముందే వినబడిందని ప్రపంచమంతా గోల. డెబ్భై దాటాక ఆ పెద్దాయన విదేశాల్లో కుర్రకారు ముందు ఆ రాగాలు వాయించి, 2015లో పోయాడు. ఎవరూ కొనని రికార్డుకి అంత మర్యాద జరగటానికి కారణం ఒకటే. మళ్ళీ ముద్రించినవాడు 'ఇది ఎప్పటిది, ఎవరు చేశారు, ఏ పరికరం మీద చేశారు' అని అడిగాడు.

అందరూ కొన్న రామదాసు కీర్తనలకి ఆ ప్రశ్న ఎవరు వేశారు? నా దగ్గరున్న భక్తి సీడీలు తీసి చూశాను. కంపెనీ పేరు అనవసరం, చాలావాటిదీ అదే తీరు. పైన సీతారాముల బొమ్మ, గాయకుడి పేరు, వెనక పాటల జాబితా. మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, వంత పాడిందెవరు... ఏమీ లేదు. బాణీ భజన సంప్రదాయానిదా, గాయకుడు కట్టిందా, వేరే ఎవరిదా... లేదు. రికార్డు చేసిన సంవత్సరం అంతకన్నా లేదు. ఉన్న సంవత్సరం ఆ సీడీ అచ్చేసిన సంవత్సరం. యాప్ ల లోకి వచ్చాక ఇంకా అన్యాయం. ఎక్కించిన తేదీనే విడుదల తేదీ అయి కూచుంటుంది. డేటా మైగ్రేషన్ చేసిన ప్రతివాడికీ ఈ పాపం తెలుసు. 'సృష్టించిన తేదీ' గడిలో స్క్రిప్టు నడిపిన తేదీ పడిపోతుంది, పాతది పోతుంది, ఎవరూ బ్యాకప్ అడగరు.

తేదీ లేకపోతే ఏం కొంపలు మునిగాయి అంటారా? చట్టం ప్రకారం మునుగుతాయి. మన 1957 కాపీరైటు చట్టంలో ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలైన ఏడాది గడిచాక అరవై ఏళ్ళు. మొదట యాభై ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు, 1991తో ఆయన రచనల మీద హక్కు ముగిసిపోతోందని గోల పుట్టి, 1992 సవరణలో అరవై చేశారు. ఠాగూర్ పుణ్యమా అని మన పాత రికార్డులకి కూడా ఇంకో పదేళ్ళు తాళం పడింది. ఈ లెక్కన 1964 నాటి 'భక్త రామదాసు' సినిమా మీద హక్కు 2024 చివరితో తీరిపోయింది. (సినిమా మీద హక్కు వేరు, అందులోని బాణీ కట్టినవారి హక్కు వేరు. బాణీది కట్టిన మనిషి పోయాక అరవై ఏళ్ళు. రామదాసు సాహిత్యం మాత్రం ఎప్పుడూ అందరిదీ.) అంటే విడుదలైన సంవత్సరం అన్నది అభిమానుల సరదా కాదు, తాళం ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పే అంకె. ఆ అంకె అట్ట మీద లేని రికార్డు ఎప్పటికీ ఎవరిదో ఒకరి సొత్తుగానే ఉండిపోతుంది. అడిగేవాడి దగ్గర రుజువుండదు, ఉన్నవాడికి చూపించే అవసరముండదు. పైగా 'కొత్తగా శుభ్రం చేసిన ముద్రణ' అంటూ మళ్ళీ ఓ కొత్త సంవత్సరం తగిలిస్తారు.

కంపెనీలని పూర్తిగా తిట్టలేను. గ్రామఫోన్ కంపెనీ చేతులు మారి, 2000లో పేరు సరిగమ అయి, 2017లో కార్వాన్ అనే డబ్బా అమ్మి, ఫోన్ తడమటం రాని పెద్దవాళ్ళకి పాత పాటలు దగ్గర చేసింది. మా ఇంట్లోనూ ఉంది, పొద్దున్నే మోగుతూనే ఉంటుంది. పాట వినిపించటం ఒక పని, పాట చరిత్ర దాచటం ఇంకో పని. మొదటిది వాళ్ళకి బాగా వచ్చు. రెండోది రేడియో అభిమానులు చేశారు. 2000ల్లో ఇంటర్నెట్ లో భక్తిరంజని రికార్డింగులు పెట్టి, కింద ఏ రాగమో, ఎప్పుడు విన్నారో ఓపిగ్గా రాసినవాళ్ళు వీళ్ళే. సగం లింకులు ఇప్పుడు చచ్చిపోయాయి, అది వేరే ఏడుపు.

బాలమురళి 2016 నవంబర్ 22న వెళ్ళిపోయారు. 2030 జులైకి ఆయన శతజయంతి. అప్పటికి తప్పకుండా ఏదో ఒక పెట్టె వస్తుంది, బంగారు రంగు అక్షరాలతో. అందులో నాకు కావలసింది ఇది: పాటకో పేజీ, ఎప్పుడు, ఎక్కడ రికార్డయింది, పక్కన ఎవరు వాయించారు, కోసేసిన చరణాలేవి, బాణీ ఎక్కణ్ణించి వచ్చింది. ఒక పళ్ళెం నిండా నేలకొండపల్లి నుంచి భద్రాచలం దాకా దారిలో ఉన్న ఊళ్ళ భజన బాణీలు, అదే కీర్తనకి అదే వరసలో. ఆయన ఆనందభైరవి పక్కనే మా గరుకు పాట కూడా. చెవికి రెండూ తగిలితే బాలమురళి ఏం చేశాడో ఇంకా బాగా తెలుస్తుంది, ఆయన స్థాయి ఏమీ తగ్గదు.

ఈలోగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఇంట్లో అటక మీద పాత ఎల్పీయో ఈపీయో ఉంటే, బూజు దులిపే ముందు లేబుల్ రెండు వైపులా ఫోటో తియ్యండి. వలయంలో 'పి' అక్షరం పక్కన ఒక సంవత్సరం ఉంటుంది, అది ఆ ధ్వనిముద్రణ మొదట విడుదలైన ఏడాది. లేకపోతే గాడులు అయిపోయాక లేబుల్ కీ పాటకీ మధ్య నున్నగా ఉండే చోట సూదితో గీసినట్టు కొన్ని అంకెలుంటాయి. వెలుతురుకి అడ్డంగా వాలిస్తే కనపడతాయి. అది ఆ మాస్టర్ నంబరు. అట్ట పోయినా ఫర్వాలేదు, ఆ అంకెలు మాత్రం వదలకుండా రాసిపెట్టండి.